సూది ఎవరిది

"వాళ్ళ నాన్న సముద్రంలో పోలేదు కదా ఆంటీ. జైల్లో ఉన్నాడు కదా" అని ఆ కొత్త పిల్ల అన్న దగ్గర్నుంచీ మహాలక్ష్మమ్మకు ముద్ద సరిగ్గా దిగడం లేదు.

అనడం కూడా గట్టిగా అనలేదు పాపం. చేతిలో రొయ్యని వొలుస్తూ, తల కూడా ఎత్తకుండా, ఏదో బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది. కానీ రొయ్యల కంపెనీలో వొలుపుడు హాలంటే అలాంటిలాంటి చోటు కాదు. పొడుగాటి స్టీలు బల్ల, దాని మీద ఐసు కలిపిన రొయ్యల గుట్టలు, రెండు వైపులా నిలబడిన ఆడవాళ్ళు. నెత్తిన టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. మనిషిలో కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పడేసి రావాలి. అటువంటి చోట పొద్దు గడవాలంటే నోరొక్కటే దిక్కు. ఆ బల్లకి ఆ నోరు మహాలక్ష్మమ్మది.

కొరియా రాజుల సీరియల్ని తెలుగులోకి మార్చి ఫోన్లో వేస్తుంటే, సాయంత్రం ఆమె చూస్తుంది. మర్నాడు బల్ల దగ్గర చెబుతుంది. అంతే కథ. మిగతా వాళ్ళకి ఫోన్లు లేవా అంటే ఉన్నాయి. "సూత్తే ఏటుంది, మాలచ్చిమి సెప్తే ఇనాల" అని బల్లకి పెద్ద దిక్కయిన కాశమ్మే అనేది. కొరియా పేర్లు ఎవరి నోటా తిరగవని మహాలక్ష్మమ్మే అందరికీ పేర్లు పెట్టింది. రాజుగారి కోటలో బట్టలు కుట్టే గదికి పెద్ద అయిన ముసలావిడ పైడమ్మ. ఆవిడ చేతి కింద చేరిన పిల్ల సిట్టి. ఎప్పుడూ కుట్రలు చేసేవాడు గెడ్డాల మంత్రి. సిట్టి తండ్రి వేటకెళ్ళి సముద్రంలో పోయాడనీ, ఆ పిల్ల ఒడ్డున కూర్చుని వలకి కన్నాలు కుడుతుంటే ఆ కుట్టు చూసి రాజుగారి మనుషులు కోటకి తీసుకుపోయారనీ ఆమె చెప్పిన రోజున బల్లంతా ముక్కులు ఎగబీల్చింది. మాస్కు ఉండగా ముక్కు తుడుచుకోవడం కుదరక కాశమ్మ నానా అవస్థా పడింది.

ఇప్పుడు హిమబిందు అనే ఈ పిల్ల పద్మనాభం నుంచి కంపెనీ బస్సులో వచ్చి, బల్ల చివర నిలబడి, ఆ తండ్రిని సముద్రంలోంచి లాగి జైల్లో పడేసింది.

"ఓలమ్మోలమ్మ! జైల్లో ఉన్నాడా?" అంది కాశమ్మ. "మరి ఇన్నాళ్ళూ ఆ మనిసిని ముంచేసి ఉంచేసేవేటే మాలచ్చిమీ?"

బల్ల బల్లంతా నవ్వింది. నోళ్ళు కనిపించవు, భుజాలు ఊగుతాయి. అటూ ఇటూ ఊగే భుజాల మధ్య మహాలక్ష్మమ్మ రొయ్య నరం లాగుతూ నిలబడింది.

"నాను సూసిందే సెప్పేను" అంది.

"పోన్లేండి ఆంటీ, నేను తప్పు చూశానేమో" అంది హిమబిందు.

ఆ మంచితనం ఒకటి. అది ఇంకా ఒళ్ళు మండించింది.

మరి రెండు రోజులు గడిచాయో లేదో, బల్ల దగ్గర గాలి మారింది. మహాలక్ష్మమ్మ ఏదో చెబుతుంటే మధ్యలో కాశమ్మ కళ్ళు బల్ల చివరికి వెళ్ళేవి. "నిజంగా అలగే అయిందేటే పిల్లా?" అని అడిగేది. ఆ 'నిజంగా' అన్న మాట మహాలక్ష్మమ్మకు చెంప మీద కొట్టినట్టుండేది. ఇన్నాళ్ళూ తను చెప్పింది నిజంగా కాదా మరి?

ఆ పిల్ల చెప్పే తీరు కూడా ఒక తీరు. గొంతు పెంచదు. నెమ్మదిగా చెబుతుంది. పక్కవాళ్ళు వినపడక దగ్గరికి జరుగుతారు. రాణిగారి చీరలాంటి గౌను ఏ రంగుదో, దాని అంచు మీద ఏ పిట్ట ఉందో, రాజు కోపంగా చూసినప్పుడు ముందు ఏ కన్ను చిన్నదయిందో చెబుతుంది. సిట్టి ఏడిస్తే గొంతు సన్నం చేసి సిట్టిలా ఏడుస్తుంది. అందరూ "అమ్మమ్మో, అమ్మమ్మో" అంటారు. మూడో రోజున కాశమ్మ ఆ పిల్లని బల్ల చివరి నుంచి మధ్యకి పిలిచి తనకి ఎదురుగా నిలబెట్టుకుంది. "ఇక్కడ ఎలుతురు బాగుంటాది" అని సాకు. ఆ వెలుతురు ఇన్నాళ్ళూ మహాలక్ష్మమ్మ మీద పడేది.

ఈ పిల్లకి ఓ దగ్గు రాకూడదా, గొంతు పట్టెయ్యకూడదా అనుకుంది మహాలక్ష్మమ్మ. హాల్లో అంత చలి కదా, అందరికీ వస్తుంది కదా! రాలేదు. ఆ పిల్ల గొంతు పొద్దున్న ఎంత తేటగా ఉండేదో డ్యూటీ దిగేటప్పుడూ అంత తేటగానే ఉండేది.

ఆ సాయంత్రం మల్కాపురంలో ఇంటికి చేరి, బియ్యం కడిగి పొయ్యి మీద పడేసి, ఫోను ఉప్పు డబ్బాకి ఆనించి కొత్త ఎపిసోడ్ పెట్టింది. ఇవాళ ఒక్క ముక్క కూడా జారిపోకూడదు. గౌను రంగు కూడా చూడాలి. మొగుడు సూరన్న పోర్టులో సరుకు మోసే కళాసీ పని చేసి వచ్చి, నీళ్ళు పోసుకుని, మంచం మీద కాళ్ళు చాపి గోడకి ఆనుకున్నాడు.

"ఏటే, ఈ రాజు ఇంకా సావనేదా?" అన్నాడు.

"నోర్మూసుకో. మొదలైపోయింది."

చిన్న రాజుకి పట్టాభిషేకమట. లోపల తెల్ల పట్టు కోటు, దాని మీద నల్ల అంగీ, దాని మీద బంగారు పాముల అల్లిక. కుట్టే గదిలో అమ్మాయిలందరూ వరసగా నేల మీద కూర్చుని కుడుతున్నారు. పైడమ్మ అందరి వెనకా నిలబడి చూస్తోంది. గది తలుపులు మూశాక, అందరూ వెళ్ళిపోయాక, ఆవిడ దీపం దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. నాలిక మీద తడి చేసి మళ్ళీ ఎక్కించబోయింది. ఎక్కలేదు. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసింది.

మహాలక్ష్మమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"కళ్ళు పోయేయి ముసిల్దానికి" అన్నాడు సూరన్న.

"పోతాయి మరి. ఆ దీపాల ఎలుతుర్లో అన్నేల్లు కుడితే పోవా?"

కోటలో మర్నాడు రాజుగారి తల్లి కోటు చూడ్డానికి వచ్చింది. మెడపట్టీ మీద వేళ్ళు పెట్టి, ఇది ఎవరు కుట్టారని అడిగింది. పైడమ్మ ఓ అడుగు ముందుకి వేసింది. అప్పటికే రాజమాత చూపు సిట్టి మీద పడింది. ఈ చేతికి ఈ కోటలో సాటి లేదంది. అందరూ తలలు వంచారు. పైడమ్మ కూడా వంచింది. వంచిన తల కాస్త ఆలస్యంగా లేచింది. ఆ మొహం మీద ఏడుపు లేదు, కోపం లేదు, మొహమంతా బిగుసుకుపోయి ఉంది.

మహాలక్ష్మమ్మ ఫోను దగ్గరికి వంగింది. ఆ ముసలిదాని కడుపులో మండుతున్నది ఏమిటో ఆమెకి తెలుసు. పేరు పెట్టి మరీ తెలుసు. ఎదురుగా అంత పెద్ద రాజమాత ఉన్నా, కోట ఉన్నా, ఆ మంట మట్టుకు మల్కాపురం మంటే.

తర్వాత చిన్న రాజుకి కోటు తొడుగుతున్నారు. మెడపట్టీ బిగించగానే ఆయన 'అబ్బా' అన్నాడు. తెల్ల పట్టు మీద చిన్న రక్తపు చుక్క. మెడపట్టీ మడతలో సూది ఉండిపోయింది. చిన్న రాజుని చంపడానికి కుట్ర అన్నాడు గెడ్డాల మంత్రి. మెడపట్టీ ఎవరు ముట్టుకున్నారు? సిట్టి ముట్టుకుంది. కానీ ముందు రోజు సాయంత్రం, అందరూ వెళ్ళాక, చీకటి పడుతుండగా, ఎవరూ లేని గదిలో, ఎలాగో దారం ఎక్కించి ఆ మెడపట్టీకి ఒక కుట్టు వేసింది పైడమ్మ. కళ్ళు కనపడక సూది వదిలేసింది పైడమ్మ. ఆ సంగతి పైడమ్మకి తెలుసు, చూసేవాళ్ళకి తెలుసు.

పైడమ్మ నోరు తెరిచింది. మూసేసింది.

సిట్టిని చాప మీద బోర్లా కట్టి కర్రలతో కొడుతున్నారు.

"అదేటే!" సూరన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "తప్పు ముసిల్దానిది కదేటే! దాని నోట్లో ఏటి, అట్టు ముక్క ఇరుక్కుందా? సెప్పొచ్చు కదా!"

"సెప్తే ఏటవుద్ది? దాన్ని గెంటేత్తారు. అన్నేల్లు ఉన్న గదిలోంచి గెంటేత్తారు."

"గెంటేత్తే గెంటేత్తారు. ఆ గుంట సచ్చిపోతాది కదే."

"నీకేటి తెల్సు! నిన్నగాక మొన్నొచ్చిన గుంట, దాని సెయ్యికి సాటి నేదంట. సాటి నేదంట! మరి ఇన్నేల్లూ ఆ రాజులు గుడ్డలేసుకోకుండా తిరిగేరేటి?"

సూరన్న ఆమె మొహంలోకి చూశాడు. "అడుగంటినాది సూడు" అన్నాడు.

అన్నం అడుగంటింది. పొయ్యి కట్టేసి, ఆమె ఎపిసోడ్ని వెనక్కి జరిపి పైడమ్మ నోరు తెరిచి మూసుకున్న చోట మళ్ళీ చూసింది. సూరన్న పళ్ళెం ముందు పెట్టుకుని చూస్తుండగానే ఇంకోసారి చూసింది.

మర్నాడు గ్లౌజులు తొడుక్కుని క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచుతూనే సూపర్‌వైజరు దేవీప్రసాద్ కేక వేశాడు. "ఇదిగో, ఈ బల్లకి చెప్తన్నాను. ఇవాళ లాటు తోక ఉంచి వొలవాల. తోక ఊడితే సరుకు వాపసు. ఇనపడిందా?"

"ఇనపడింది సార్" అన్నారందరూ. నెలల తరబడి తోక కూడా తీసేసి వొలుస్తున్న చేతులు. ఈ ఒక్క రోజూ తోక దగ్గర ఆగాలి. మొదటి గుట్ట అంతా జాగ్రత్తగా, వేళ్ళకి బుద్ధి చెప్పుకుంటూ వొలిచారు.

రెండో గుట్ట పడగానే మహాలక్ష్మమ్మ గొంతు సవరించుకుంది. "నిన్నటిది నాను సెప్తాను. ఎవులూ మద్దిన పుల్లెట్టకండి."

చెప్పింది. ఇంతకు ముందెన్నడూ అలా చెప్పలేదు. తెల్ల పట్టు రంగు చెప్పింది, బంగారు పాముల అల్లిక చెప్పింది. దీపం ముందు దారం ఎక్కని సూది చెప్పినప్పుడు బల్ల నిశ్శబ్దమైపోయింది. కాశమ్మ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఆ కళ్ళు తన మీద ఉంటే ఎలా ఉంటుందో మహాలక్ష్మమ్మకు గుర్తొచ్చింది. బల్ల ఎప్పుడూ తనదే, ఈ గుంట నాలుగు రోజుల ముచ్చట. రాజమాత మెచ్చుకున్నది చెప్పింది. పైడమ్మ తల వంచినది చెప్పింది. చిన్న రాజు మెడలో సూది గుచ్చుకున్నది చెప్పింది.

"ఎవలిదే ఆ సూది?" అని కాశమ్మ ఆత్రంగా అడిగింది.

మహాలక్ష్మమ్మ ఒక్క క్షణం ఆగింది. "ఎవలికి తెల్సు? మెడపట్టీ ముట్టుకున్నది సిట్టి. మెప్పు కోసం గాబరా గాబరాగా కుట్టీసి ఒగ్గీసింటాది."

"కాదు కదా ఆంటీ" అంది హిమబిందు. ఆగలేకపోయింది పాపం, మాట జారిపోయింది. "సూది పైడమ్మదే కదా. సాయంత్రం ఒక్కర్తే వచ్చి కుట్టింది కదా. చూపించారు."

"నువ్వు సూసేవా దాని సెయ్యి?"

"చూశాను. ఆవిడ వేలి ఉంగరం కూడా చూపించారు."

అంతే, బల్ల రెండయింది. అటు వైపు వాళ్ళు పైడమ్మదే అన్నారు. ఇటు వైపు వాళ్ళు మాలచ్చిమి ఊరికే చెప్పదన్నారు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, నోళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"సర్లే, ముసిల్దానిదే అనుకో" అంది మహాలక్ష్మమ్మ. గొంతు పెరిగింది. "అయితే ఏటి?"

"అయితే సెప్పాల కదే!" అంది కాశమ్మ. "తప్పు తనదైనప్పుడు నోరు మూసుకుంటే ఎలగ? ఆ గుంట ఒల్లు పచ్చడైపోతంటే సూత్తా నిలబడుతుందేటి?"

"ఎందుకు సెప్పాల? సెప్తే దానికేటి మిగుల్తాది? ఆ కుట్టు తప్ప దానికేటున్నాది? మొగుడా, పిల్లలా? నిన్నొచ్చిన గుంట రేపు ఇంకో కోటకి పోతాది, దాని ఈపు మానిపోతాది. ముసిల్ది ఎక్కడికి పోతాది? నోరు మూసుకుంది, మంచి పని సేసింది. నానైనా అదే సేద్దును!"

"పిన్ని అలా చెయ్యదు" అంది హిమబిందు. మొదటిసారి ఆంటీ అనకుండా పిన్ని అంది. "ఊరికే అంటంది."

"సేత్తాను. సూడు కావాలంటే."

అప్పుడే దేవీప్రసాద్ వచ్చి టబ్బులో చెయ్యి పెట్టి ఓ గుప్పెడు రొయ్యల్ని పైకి తీశాడు. గుప్పెట్లోవి వేళ్ళ మధ్య పరిచి చూశాడు. వేరే టబ్బులో చెయ్యి పెట్టాడు. మళ్ళీ చూశాడు.

ఒక్క రొయ్యకీ తోక లేదు.

బల్లంతా చేతులు ఆగిపోయాయి. పైడమ్మ గురించి వాదించుకుంటూ, నెలల అలవాటు చొప్పున, చేతులు వాటంతట అవే తోకలు పీకి పారేశాయి. బల్ల కింద తోకల కుప్ప ఎర్రగా పడి ఉంది.

"ఏటిది? ఏటిది? నాను పొద్దున్న ఏటి సెప్పేను?" దేవీప్రసాద్ మొహం నల్లబడింది. ఈ లాటు ఇప్పుడు మేనేజరుకి ఏం చెప్పుకోవాలో అతనికీ తెలియదు. "కథలు! రోజూ ఈ బల్ల దగ్గర కథలు. ఎవులు సెప్తన్నారు కథ?"

టోపీలు, మాస్కులు, కళ్ళు. కళ్ళు కిందకి వాలిపోయాయి.

అతను హిమబిందు దగ్గర ఆగాడు. "నువ్వే కదా! నువ్వొచ్చేకే ఈ బల్ల ఇలగ తయారైంది. అంతకు ముందు ఇలాటి గొడవ ఎప్పుడైనా ఉందా? నువ్వు నిలబడ్డ చోటే బల్లంతా గుమిగూడతాది. రేపట్నుంచి రావక్కర్లేదు, మేనేజరుకి సెప్పీసుకో."

మహాలక్ష్మమ్మకు లోపలెక్కడో ఏదో చల్లగా, తియ్యగా దిగింది. ఏమీ చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. రేపు బల్ల మళ్ళీ తనది. కాశమ్మ కళ్ళు మళ్ళీ తనవి. తను ఏ పాపమూ చెయ్యలేదు, తను అడిగిందా దేవీప్రసాద్‌ని ఆ పిల్ల మీద పడమని? కాశమ్మ పక్కనించి ఆమె వైపే చూస్తోంది. మిగతా వాళ్ళు కూడా ఒక్కొక్కరే చూస్తున్నారు. చూడనీ.

హిమబిందు కళ్ళెత్తింది. మహాలక్ష్మమ్మ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"అవును సార్" అంది. "కథ నేనే చెప్తున్నాను. అందరూ నా కథే వింటన్నారు."

మహాలక్ష్మమ్మ చేతిలో రొయ్య నలిగిపోయింది.

ఎవరి కథ? దీపం ముందు దారం ఎక్కని సూది చెప్పి బల్లని నోరెత్తకుండా చేసింది ఎవరు? ఇవాళ, ఈ పూట, ఇన్నాళ్ళలో ఎప్పుడూ చెప్పనంత బాగా చెప్పింది ఎవరు? ఆ ఒక్కటీ కూడా ఈ గుంట తీసుకుపోతుందా? ఉద్యోగం పోతే పోనీ, కథ కూడా తనదేనని పేరు రాయించుకుని పోతుందా?

"అబద్దం!" అంది మహాలక్ష్మమ్మ. హాలు చివరి బల్ల వాళ్ళు కూడా తలలు తిప్పారు. "కథ సెప్పింది నాను. ఇవాళంతా నానే సెప్పేను. ఇది ఏటి సెప్పింది? మద్దిన రెండు ముక్కలు. ఆ తోకలు ఊడిపోయేయంటే నా కథకి ఊడిపోయేయి, దాని కథకి కాదు. ఎవుల్నైనా అడగండి!"

దేవీప్రసాద్ ఆమె వైపూ, ఆ పిల్ల వైపూ చూశాడు. ఇన్నాళ్ళుగా పని చేస్తున్న మనిషిని పంపించేయడానికి అతనికి నోరు రాలేదు. "అయితే నువ్వు రేపట్నుంచి తలకాయల సెక్షన్‌కి పో. అక్కడ కథలు సెప్పుకో, లారీలకి" అన్నాడు. హిమబిందు వైపు వేలు చూపించి, "నువ్వు పని సూస్కో" అని వెళ్ళిపోయాడు.

తలకాయల సెక్షన్ అంటే లారీలు దించిన రొయ్యలకి తలలు గిల్లే చోటు. బురద నీళ్ళు, పచ్చి వాసన, రొయ్య ముల్లు గ్లౌజుల్లోంచి గుచ్చుకుంటుంది. అక్కడికి వెళ్ళమంటే కొత్తవాళ్ళు కూడా ఏడుస్తారు.

డ్యూటీ దిగి చేతులు కడుక్కునే చోట కాశమ్మ ఆమె భుజం పట్టుకుంది. "మాలచ్చిమీ, నోటికి ఏటేటో అంటావు గానీ, నీ గుండెకి దండమే తల్లీ." ఇంకెవరో ముక్కు చీదారు. హిమబిందు టోపీ తీసేసి, మాస్కు గెడ్డం కిందకి లాక్కుని నిలబడింది. మొహమంతా ఇలా పూర్తిగా చూడటం మహాలక్ష్మమ్మకు అదే మొదలు. చిన్న పిల్ల. పై పెదవి మీద చెమట.

"నా కోసం ఒప్పుకున్నావు పిన్నీ" అంది.

"నీ కోసం ఏటే?" అంది మహాలక్ష్మమ్మ. నీ కోసం కాదే, నీ మీద కుళ్ళుతో అన్నానే అని చెప్పొచ్చు. ఎవరు నమ్ముతారు? పైగా కాశమ్మ చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. ఆ చెయ్యి బాగుంది. బాగుంది గానీ అది తనది కాని సొమ్ము. నీళ్ళ కింద వేళ్ళు ఎంతసేపు తోమినా ఆమెకి ఇంకా ఏదో అంటుకున్నట్టే ఉంది.

ఆ సాయంత్రం కొత్త ఎపిసోడ్ వచ్చింది. సిట్టిని కోట వెనక బట్టలుతికే దొడ్లోకి తోసేశారు. గెడ్డాల మంత్రి మెచ్చి పైడమ్మకి సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే వెండి అంగుస్తానా ఇచ్చాడు. ముసల్ది దాన్ని వేలికి పెట్టుకుని దీపం దగ్గర కూర్చుంది. అంతే. ఒప్పుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. ఎపిసోడ్ ఆగిన చోట ఆ ముసలిదాని మొహం మీద దీపం వెలుగే ఉంది.

"ఒప్పుకోనేదా ఇంకా?" అన్నాడు సూరన్న, కూర కలుపుకుంటూ.

"నేదు."

"ముండ."

మహాలక్ష్మమ్మ ఫోను బోర్లించి పెట్టింది.

మర్నాడు తలకాయల సెక్షన్‌లో నిలబడింది. దానికీ వొలుపుడు హాలుకీ మధ్య ప్లాస్టిక్ పట్టీల పరదా ఒకటి వేలాడుతుంది. లారీ దించుతుంటే ఏమీ వినపడదు. లారీ పోయాక, ఐసు కొట్టే మిషను ఆగాక, పరదా అవతలి మాటలు పోగులు పోగులుగా ఇవతలికి వస్తాయి. ఆమె పక్కన నూకాలు అనే మనిషి రొయ్య తలలు గిల్లుతూ "ఇక్కడ మాట్లాడ్డానికేటీ ఉండదు అక్కా, సేతులు తప్ప" అంది.

అవతల హిమబిందు చెబుతోంది. మహాలక్ష్మమ్మ చెవులు ఆమె అనుమతి అడక్కుండానే అటు వెళ్ళాయి. బట్టలుతికే దొడ్డి చెప్పింది. వెండి అంగుస్తానా చెప్పింది. బాగానే చెబుతోంది, ఎక్కడా తప్పు లేదు. తప్పు దొరికితే బాగుండునని వింది. దీపం దగ్గర పైడమ్మ కూర్చున్నది చెప్పింది. అయిపోయిందనుకుంది మహాలక్ష్మమ్మ.

"అప్పుడు" అంది హిమబిందు గొంతు. "ఆ అంగుస్తానా తీసి దీపం పక్కన పెట్టేసింది. లేచింది. కోట మధ్యలోంచి నడుచుకుంటూ, కాపలా వాళ్ళు ఆపుతున్నా ఆగకుండా, రాజు ముందుకెళ్ళింది. సూది నాది అంది. ఆ పిల్లది కాదు, నాది అంది."

బల్ల దగ్గర ఎవరో "అమ్మా!" అన్నారు.

మహాలక్ష్మమ్మ వేళ్ళ మధ్య రొయ్య తల సగం ఊడి ఆగిపోయింది. అది లేదు. ఎపిసోడ్‌లో అది ఎక్కడా లేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పే పిల్ల, ఉంగరం దగ్గర్నుంచీ లెక్క చూసుకుని చెప్పే పిల్ల, లేనిది పుట్టించి చెబుతోంది. ఎవరి కోసం చెబుతోందో కూడా తెలుస్తోంది. మహాలక్ష్మమ్మకు ముందు వచ్చింది కన్నీళ్ళు కాదు, కుళ్ళే వచ్చింది. ముసల్ది అంగుస్తానా తీసి పక్కన పెట్టడం! ఎంత బాగుంది! అది తనకెందుకు తట్టలేదు? రాత్రంతా ఆ మొహం తల్లో తిరుగుతూనే ఉంది కదా, అయినా ఎందుకు తట్టలేదు?

"ఒలే, నిజమేనేటే?" అంటోంది కాశమ్మ అవతల. "ఆ ముసిల్ది అలగ సెప్పే రకం కాదే. నువ్వు మాకు కబుర్లు సెప్పట్నేదు కదా?"

హిమబిందు తల వంచి ఇంకో రొయ్య చేతిలోకి తీసుకుంది.

"మాలచ్చిమీ!" కాశమ్మ కేక పరదా దాటి వచ్చింది. "నువ్వూ సూసుంటావు కదే! ఈ పిల్ల సెప్పింది నిజమేనా? ఆ ముసిల్ది ఒప్పేసుకుందేటి?"

నూకాలు కూడా చెయ్యి ఆపి ఆమె వైపు చూసింది. పట్టీల సందుల్లోంచి బల్ల కనిపిస్తోంది. టోపీల వరస. అందరి కళ్ళూ ఇటే. ఇన్నాళ్ళూ తను కోరుకున్న కళ్ళే. ఒక్క మాట చాలు, ఆ పిల్ల పని అయిపోతుంది. ఆ పిల్ల కళ్ళు మాత్రం చేతిలోని రొయ్య మీదే ఉన్నాయి.

మహాలక్ష్మమ్మ మాస్కు కిందకి లాగింది, మాట స్పష్టంగా వినపడాలని.

"ఒప్పేసుకుంది" అంది గట్టిగా. "నాను సూసేను." ఒక్క క్షణం ఆగింది. ఆగలేకపోయింది. "ఈ గుంట ఒకటి ఒగ్గీసింది గానీ. సూది నాది అన్నప్పుడు ఆ ముసిల్ది రాజు ముందు తల దించనేదు."

పరదా అవతలి నుంచి హిమబిందు గొంతు వచ్చింది, ఎప్పటిలాగే నెమ్మదిగా.

"అవును పిన్నీ. మర్చిపోయాను. దించలేదు."